చెవి దారిన మనసులోకి

ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో ఒక ఉదంతాన్ని పేర్కొన్నారు. ఎడారిలో ప్రయాణిస్తున్న ఒక వ్యక్తి ఒక అరబ్బు తెగవారి గుడారంలో అతిథిగా దిగాడు. అక్కడ సంకెళ్లతో బంధించిన ఒక బానిస కనిపించాడు. గుడారం ముందు ఒంటెలు చచ్చి పడి ఉన్నాయి. ఒక్కటి మాత్రం చావుబతుకుల మధ్య మిగిలింది. ఆ బానిస చేసిన నేరం ఏమిటని అడిగితే యజమాని ఇలా వివరించాడు: అతని కంఠం అత్యంత మధురమైనది. బరువైన మోతలు ఎత్తిన ఒంటెలను తోలుతూ అతను పాడాడు. ఆ పాట మైకంలో అవి మూడు రోజుల దారిని ఒక్క రాత్రిలో దాటేశాయి. మూపుల మీది బరువు దించగానే కూలిపోయాయి.

ఈ ఉదంతంలో నన్ను ఆలోచింపజేసేది ఒంటెల వేగం కాదు. దారి పొడవునా వాటికి అలసట తెలియలేదు. తెలిసి ఉంటే ఆగి ఉండేవి.

దైవప్రవక్త (స) కాలంలోనూ ఒంటెలను పాటతో తోలే ఆచారం ఉండేది. ఒక ప్రయాణంలో అన్జషా అనే బానిస స్త్రీలు ఎక్కిన ఒంటెలను పాడుతూ తోలుతుండగా, దైవప్రవక్త (స) అతణ్ణి నెమ్మదిగా నడిపించమని మందలించారు. ఆ స్త్రీలను గాజుపాత్రలతో పోల్చారు. ఒంటెలు వేగం పుంజుకుంటే వారికి కష్టం కలుగుతుందని కొందరు వ్యాఖ్యాతలు దీనికి అర్థం చెప్పారు. మధుర కంఠం హృదయాలను కదిలిస్తుందన్నదే ఇందులోని హెచ్చరిక అని మరికొందరు భావించారు. ఏ అర్థం తీసుకున్నా, రాగానికి శరీరంపై అధికారం ఉందన్న సంగతిని మన పెద్దలు పద్నాలుగు శతాబ్దాల క్రితమే గమనించారన్నది స్పష్టం.

ఈ కాలపు శాస్త్రజ్ఞులు ఆ అధికారం ఎలా పని చేస్తుందో వెతికారు. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సంగీతం వింటే ఒళ్లు గగుర్పొడిచే స్వభావం గల 8 మందిని ఎంపిక చేసి, వారికి ఇష్టమైన సంగీతాన్నే వినిపిస్తూ మెదడును పరీక్షించారు. ఆనందం పతాకస్థాయికి చేరిన క్షణంలో మెదడు లోతుల్లో డోపమైన్ అనే రసాయనం విడుదలైంది. అంతకంటె ఆసక్తికరమైన విషయం మరొకటి ఉంది. ఆ క్షణం రాకముందే, ‘ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది’ అని మనసు ఎదురుచూస్తున్న ఘడియల్లోనే, పక్కనున్న మరో భాగంలో అదే రసాయనం విడుదల కావడం మొదలైంది. 2019లో వెలువడిన మరో పరిశోధనలో డోపమైన్‌ను పెంచే మందు ఇచ్చినప్పుడు సంగీతం కలిగించే ఆనందం పెరిగింది. దాన్ని అడ్డుకునే మందు ఇచ్చినప్పుడు తగ్గింది. అంటే పాటలో మనిషిని పట్టి ఉంచేది పొందిన సుఖం ఒక్కటే కాదు, పొందబోయే సుఖం కోసం పడే ఆరాటం కూడా.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉంది. సంగీతం వింటే మెదడు కణాలు చచ్చిపోతాయని, అది మాదకద్రవ్యంతో సమానమని శాస్త్రజ్ఞులు తేల్చేశారని మన వాట్సాప్ బృందాల్లో సందేశాలు తిరుగుతుంటాయి. శాస్త్రం అలా చెప్పలేదు. ఆకలిగొన్నవాడు అన్నం తిన్నప్పుడూ మెదడులోని ఆ దారులే మేల్కొంటాయి. పైగా తాళానికి అనుగుణంగా అడుగులు వేయించి పార్కిన్సన్ రోగుల నడకను మెరుగుపరచే చికిత్స ఉంది. 1488లో ఎదిర్నె నగరంలో ఉస్మానీ సుల్తాన్ రెండవ బాయజీద్ కట్టించిన ఆసుపత్రిలో మానసిక రోగులకు సంగీతం వినిపించేవారు. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివే పిల్లవాడికి ఇవన్నీ ఒకనాడు తెలుస్తాయి. తండ్రి ధర్మం పేరిట చెప్పిన మాటలో అబద్ధం ఉందని ఆనాడు అతను గ్రహిస్తే, మిగతా మాటలను కూడా అదే సంచిలో వేసి పారేస్తాడు. ఈ నష్టం పాట వల్ల కలిగే నష్టం కంటె పెద్దదని నా అభిప్రాయం.

షరీఅత్ ఆదేశం డోపమైన్ మీద ఆధారపడి లేదు. దివ్యఖుర్ఆన్ లుఖ్మాన్ సూరా 6వ ఆయతులో, దైవమార్గం నుండి మరల్చే వ్యర్థపు మాటలను కొనితెచ్చుకునేవారి ప్రస్తావన ఉంది. దాని భావం పాటేనని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ప్రమాణం చేసి మరీ చెప్పారు. వాద్యాలను ధర్మసమ్మతం చేసుకునేవారు ఈ సముదాయంలో పుట్టుకొస్తారన్న హెచ్చరిక సహీహ్ బుఖారీలో ఉంది. నాలుగు మజ్‌హబ్‌ల ఫుఖహాలలో అధికసంఖ్యాకులు వాద్యసంగీతాన్ని నిషిద్ధమన్నారు. మా ఉస్తాదులు మాకు బోధించింది, నేను నా విద్యార్థులకు బోధిస్తున్నది ఇదే. ఇబ్నె హజ్మ్ (రహ్మ) దీన్ని అంగీకరించలేదు. గజాలీ (రహ్మ) సైతం విషయాన్ని విడదీసి చర్చించారు. పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు దఫ్ వాయిస్తూ పాడుతుండగా హజ్రత్ అబూబక్ర్ (రజి) గద్దించారు. దైవప్రవక్త (స) మాత్రం వారిని వారించవద్దని, ప్రతి జాతికీ ఒక పండుగ ఉంటుందని అన్నారు. ఈ సంగతులను దాచి చెప్పే బోధ ఎక్కువ కాలం నిలవదు.

ఇక వ్యసనం విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోకి తెచ్చిన రోగాల జాబితాలో జూదం ఉంది, వీడియో ఆటల వ్యసనం ఉంది. సంగీత వ్యసనం లేదు. అయినా ఆటల వ్యసనాన్ని గుర్తించడానికి ఆ సంస్థ పెట్టిన గీటురాళ్లు మనకు పనికివస్తాయి: అదుపు తప్పడం, మిగతా పనులన్నింటి కంటె దానికే పెద్దపీట వేయడం, హాని కనిపిస్తున్నా మానలేకపోవడం. అల్‌మాయిదా సూరా 91వ ఆయతు మద్యం, జూదం గురించి చెబుతూ, షైతాను వాటి ద్వారా మనుషుల మధ్య వైరం రేపి, వారిని దైవస్మరణ నుండి, నమాజు నుండి ఆపదలచాడని తెలిపింది. మీ ఇంటి బిడ్డను ఈ గీటురాళ్లపై చూడండి. ఇయర్‌ఫోన్ తీయమంటే తల్లిపై విరుచుకుపడుతున్నాడా? అది లేనిదే నిద్ర పట్టడం లేదా? రాత్రి ఒంటిగంట దాకా విని ఫజ్ర్ పోగొట్టుకుంటున్నాడా? అయితే పేరు ఏదైనా జబ్బు ఉన్నట్టే.

వెనుకటి రోజుల్లో బిడారు ఆగితే పాట ఆగేది. రేడియోలో కార్యక్రమం ముగిస్తే ఇల్లు నిశ్శబ్దమయ్యేది. ఇప్పటి ఫోను ఒక పాట ముగియకముందే మరొకటి సిద్ధం చేస్తుంది. ఆరాటం తీరే అవకాశమే లేదు. హిఫ్జ్ పిల్లల విషయంలో దీన్ని నేను ఏటా చూస్తున్నాను. సెలవులకు ఇంటికి వెళ్లి పాటల్లో మునిగి వచ్చినవాడు కొత్త సబఖ్‌ను ఎలాగో అప్పజెబుతాడు, ఆమూఖ్తాలో తడబడతాడు. ఆయతుల మధ్య ఏదో బాణీ అడ్డం వస్తోందని తానే చెబుతాడు. వినికిడి నష్టం సంగతి వేరే ఉంది. వారానికి 40 గంటల పాటు వినేవారికి 80 డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు గీసింది.

తండ్రులకు ఒక మాట. కొడుకు చెవిలోని తీగను లాగి పారేసే పెద్దమనిషే, అదే కొడుకు వలీమాకు మర్ఫా చాలదని డీజేకు బయానా ఇచ్చి వస్తాడు. ఆ రాత్రి వీధి వీధంతా అదురుతుంది. పక్కింట్లో రోగి ఉన్నా ఎవరికీ పట్టదు. పిల్లలు మన మాటల కంటె మన బయానాలనే బాగా గుర్తుంచుకుంటారు.

చాలామంది పిల్లలు ఆ తీగను చెవిలో పెట్టుకునేది పాట కోసం కాదని కూడా నాకు అనిపిస్తుంది. ఇంట్లో అరుపులు, పరీక్షల భయం, చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం. ఇయర్‌ఫోన్ వాడికి తలుపు లేని గదికి వేసిన తెర. తెరను చించితే గది రాదు. మొదట నిద్రవేళను కాపాడండి. ఇషా తర్వాత ఇంటిల్లిపాది ఫోన్లు, తండ్రి ఫోనుతో సహా, హాలులోనే చార్జింగులో ఉండాలి. చదువువేళ సంగతి ఆ తర్వాత. ఒక్కరోజులో అన్నీ మాన్పించబూనితే వాడు దాచుకోవడం నేర్చుకుంటాడు.

పాట స్థానంలో ఖుర్ఆన్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. మంచిదే, కాని వంటగదిలో మిక్సీ మోత నడుమ, ఫోనులో బొమ్మలు జరుపుతూ వెనుక మోగించడానికి తిలావత్ సంగీతం కాదు. ఖుర్ఆన్ చదువుతుండగా మౌనంగా, శ్రద్ధగా వినాలన్నది అల్‌ఆరాఫ్ సూరా 204వ ఆయతు ఆదేశం. వాద్యాలు తీసేసి, గొంతులతోనే వాద్యాల మోత పుట్టించే నేటి నషీదులకూ ఈ బిడ్డ అదే విధంగా బానిస కావచ్చు.

దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి)ను తమకు ఖుర్ఆన్ చదివి వినిపించమని కోరారు. మీపై అవతరించినదాన్ని మీకే వినిపించాలా అని ఆయన ఆశ్చర్యపోతే, ఇతరుల నోట వినడం తమకు ఇష్టమని చెప్పారు. అన్‌నిసా సూరాలోని 41వ ఆయతు దగ్గరకు వచ్చేసరికి దైవప్రవక్త (స) కళ్ల నుండి నీరు కారుతోంది. రోజూ ఫోన్లు హాలులోకి చేరిన తర్వాత కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అర పేజీ చదివి వినిపించమని అడగండి. మొదటి వారం రోజులు అతని తజ్వీద్ తప్పులను దిద్దకండి, వినండి చాలు.