పాత బొమ్మ ఇంజనుకు కొత్త గొంతు



పాత సామాను పారెయ్యాలంటే మనకు చెయ్యి రాదు. అలాగని అటక మీద పెడితే దుమ్ము పట్టడం తప్ప ఉపయోగమూ లేదు. మా ఇంట్లో అలాంటి సామాను ఒక బొమ్మ రైలింజను. 1981లో మా మరిది జర్మనీ నుంచి తెచ్చాడు. జానెడు డీజిల్ ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా బిగించుకునే పట్టాలు. మా మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. సాయంకాలమైతే చాలు, పిల్లలకంటే ముందు ఆయనే పట్టాలు పరుచుకుని కూర్చునేవారు. ఆయన పోయాక ఇంజను అటకెక్కింది. వేసవి సెలవుల్లో మనవడు దాన్ని దింపి, "నాయనమ్మా, ఇది కూత వెయ్యదా?" అని అడిగాడు.

వేయించవచ్చు. మీ ఇంట్లోనూ అలాంటి ఇంజను ఉంటే, మేము చేసిన పొరపాటు మీరు చెయ్యకుండా ఆ సంగతంతా చెబుతాను.

ముందు పాత పద్ధతి తెలియాలి. ఈ బొమ్మల్లో పట్టాలే కరెంటు తీగలు. చిన్న పెట్టె మీద మర తిప్పితే పట్టాల్లోకి సున్నా నుంచి పన్నెండు వోల్టుల దాకా కరెంటు వస్తుంది. ఎక్కువిస్తే పరుగు, తక్కువిస్తే నడక. మీటను అటు మారిస్తే వెనక్కి పోతుంది. అయితే ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. ఇంజను ఆగితే దీపమూ ఆరిపోతుంది. కరెంటే లేనప్పుడు ఇక కూత ఎక్కడిది?

కొత్త పద్ధతిని డిజిటల్ కమాండ్ కంట్రోల్ అంటారు, పొట్టిగా డిసిసి. ఇందులో పట్టాల్లో ఎప్పుడూ నిండుగా కరెంటు ఉంటుంది. దాంతోపాటే ఆజ్ఞలు కూడా పోతాయి. బెజవాడ స్టేషన్లో మైకులో బండి నంబరు చెబుతారు చూడండి. ప్లాట్‌ఫారం మీద అందరికీ వినిపిస్తుంది, కాని ఆ బండి ఎక్కేవాళ్ళే సామాను ఎత్తుకుంటారు. ఇదీ అంతే. ప్రతి ఇంజనులో డీకోడరని తపాలా బిళ్ళంత కార్డు ఒకటి ఉంటుంది, దానికో నంబరు ఉంటుంది. కొత్తగా కొన్నప్పుడు సాధారణంగా 3 అని ఉంటుంది, తర్వాత మనం మార్చుకోవచ్చు. తన నంబరు వినబడితేనే అది మోటారును తిప్పుతుంది. జర్మనీలో లెంజ్ అనే సంస్థ రూపొందించిన ఈ పద్ధతి ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో ప్రమాణాలు ఏర్పరచింది. అందువల్ల ఒక కంపెనీ డీకోడరు మరో కంపెనీ పెట్టెతోనూ పనిచేస్తుంది.

ఇక మా పొరపాటు. మా అబ్బాయీ నేనూ డీకోడరు తెప్పించి, రంగులు చూసుకుని తీగలు అతికించి, ఇంజనును పట్టాల మీద పెట్టాం. చిటుక్కుమంది. కాలిన వాసన, సన్నగా పొగ. వేల రూపాయల కార్డు క్షణంలో బూడిద! తప్పు వస్తువుది కాదు, మా తొందరదే.

మేముండేది పటమట. ఆటోనగర్ పక్కనే కదా, ఇంజనును స్టీలు డబ్బాలో పెట్టుకుని లారీల సెల్ఫ్ మోటార్లు బాగుచేసే ఒకతని దగ్గరికి వెళ్ళాం. బల్ల మీద చేటంత మోటార్లు, వాటి పక్కన మా బొమ్మ! అతను నవ్వలేదు. మీటరు తీగ ఒకటి మోటారుకీ, ఒకటి చక్రానికీ ఆనించి, "బాడీ ఎర్తుందండీ మామ్మగారూ" అన్నాడు.

లారీలో బ్యాటరీ ఒక కొసను చాసిస్‌కే బిగిస్తారు. ఆ ఇనుమే రెండో తీగ పని చేస్తుంది. పాత బొమ్మ ఇంజన్లు చాలావాటిలోనూ ఇదే ఏర్పాటు. మోటారు ఒక కొస లోహపు చట్రానికి తగిలి ఉంటుంది, చట్రానికి ఒక పక్క చక్రాల నుంచి కరెంటు వస్తుంది. పాత పద్ధతిలో దాంతో ఇబ్బంది లేదు. డిసిసిలో మాత్రం కరెంటు పట్టా నుంచి డీకోడరుకూ, డీకోడరు నుంచి మోటారుకూ పోవాలి. మోటారు నేరుగా పట్టాకు తగిలిందా, డీకోడరు ప్రాణం పోతుంది.

కాబట్టి మొట్టమొదటి పని మోటారును చట్రం నుంచి వేరుచేయడం. తగులుతున్న రేకు తీసేసి, మధ్యలో సన్నటి ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. ఇనుప మరకు బదులు నైలాన్ మర వాడాలి. మోటారు రెండు కొసలకూ ఏ చక్రంతోనూ సంబంధం లేదని మీటరు చెప్పేదాకా డీకోడరు జోలికి పోవద్దు.

రెండోది, మోటారు ఆకలి చూడాలి. పన్నెండు వోల్టులిచ్చి, చక్రాలను ఒక్క క్షణం ఆపి పట్టుకుని ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కొలవాలి. అయస్కాంతం బలం తగ్గిన పాత మోటారు కరెంటు ఎక్కువ తాగుతుంది. డీకోడరు శక్తి అంతకంటే పైన ఉండాలి.

తర్వాత తీగలు. ఎరుపు, నలుపు చక్రాల వైపు. నారింజ, బూడిద రంగులు మోటారుకు. నీలం, తెలుపు ముందు దీపానికి. ఎల్‌ఈడీ దీపమైతే వెయ్యి ఓముల రెసిస్టరు తప్పనిసరి. ఇంజను తిరగబడి నడిస్తే కంగారుపడకండి, నారింజ, బూడిద తీగలు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. మొదటి పరీక్ష ప్రోగ్రామింగ్ పట్టా మీదే చెయ్యాలి. అక్కడ కరెంటు తక్కువగా వస్తుంది కనుక, తప్పుంటే తెలుస్తుంది గాని సాధారణంగా కార్డు కాలదు.

ఇప్పుడు కూత సంగతి. శబ్దమిచ్చే డీకోడర్లలో అసలు ఇంజన్ల చప్పుళ్ళే రికార్డు చేసి ఉంటాయి. చిన్న స్పీకరు కలపాలి. అయితే దాని వెనక మూసిన పెట్టె ఉండాలి. లేకపోతే ముందు నుంచి వచ్చే శబ్దాన్నీ వెనక నుంచి వచ్చేదీ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మేము మొదట పెట్టె లేకుండా పెడితే దోమ గీపెట్టినట్టుంది.

ఏ గొంతు పెట్టాలన్నది పెద్ద చర్చే అయింది. మన దేశంలో డబ్ల్యుడిఎం-2 డీజిల్ ఇంజన్లు 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి మొదట వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. వాటిలో ఉన్నది ఆల్కో 251 రకం. ఆ శబ్దమున్న డీకోడర్లు దొరుకుతాయి. బొమ్మ జర్మనీది కదా, అక్కడి చప్పుడే పెడదామన్నాడు మా అబ్బాయి. నేను ఒప్పుకోలేదు. మా మామగారు సర్వీసంతా విన్నది ఆల్కో గుడగుడే.

చివరగా కొన్ని జాగ్రత్తలు. చక్రాలకు దుమ్ముంటే మాట తెగిపోతుంది. గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి మురికి ఇంకా పడుతుంది. సోల్డరింగు పెద్దలే చెయ్యాలి. గోడ కరెంటుకు తగిలించే పెట్టెను ఎవరూ విప్పకూడదు. ఇలాంటి బొమ్మ రైళ్ళు ఎంత దూరం పోగలవో చూడాలంటే పుణెలో 1998లో ప్రారంభమైన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది.

రెండో డీకోడరు కాలలేదు. మనవడు మీట నొక్కాడు. ఇంజను కదలకముందే గుడగుడమని, ఆపైన కూత వేసింది. వంటింట్లో ఉన్న మా అత్తగారు, "ఏ బండిరా అది?" అంటూ ఇవతలికి వచ్చారు. పాత సామానును నమ్మి కొంచెం ఓపిక పడితే, అది మన ఖర్చు ఊరికే పోనివ్వదు.

సెలవు.