సున్నం పోయింది సరే, ఫ్లోరైడ్ సంగతేంటి?

వృత్తి అనుభవంలోంచి నలుగురికీ పనికొచ్చేది ఏదైనా మన సంఘం సంచికకు రాయమని కమిటీ మిత్రులు అడిగారు. నీటి శుద్ధి నా ఉద్యోగం, నల్లగొండ నా జిల్లా. అందుకే ఊళ్లో అమ్మానాయనల ఇంటికి మనం కొనిపెట్టే గీజర్ల గురించి, సాఫ్ట్‌నర్ల గురించి రాస్తున్నాను.

నల్లగొండ, పాలమూరు నేలల కింద ఉన్నది గ్రానైటు, నైసు రాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇంకిన నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాయిలోని ఖనిజాలను కరిగించుకుంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మన బోర్లలో చాలావాటి నీళ్లు ఆ మొదటి హద్దును ఎప్పుడో దాటేశాయి.

అలాంటి నీళ్లు వేడెక్కితే అందులోని కాల్షియం బైకార్బనేటు విడిపోయి, సున్నపురాయిగా మారి గీజరు కాయిల్‌కు పొరలా పట్టుకుంటుంది. ఆ పొర వేడిని నీటికి సరిగా చేరనివ్వదు. కాయిల్ లోపలే వేడెక్కి చివరికి కాలిపోతుంది. ఈలోగా కరెంటు బిల్లు పెరుగుతుంది. వాషింగ్ మిషన్ హీటరుదీ, సోలార్ గొట్టాలదీ ఇదే గతి. కాబట్టి గీజరును 55 డిగ్రీలకు మించి పెట్టకండి. బట్టలు చల్లనీళ్లతోనే ఉతకమనండి. కెటిల్లో, షవర్ జల్లెడలో పట్టిన సున్నాన్ని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు కరిగిస్తాయి. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీని, సున్నంతో బిగుసుకుపోయే సేఫ్టీ వాల్వును ఏటా మెకానిక్‌కు చూపించాలి. వాల్వు బిగుసుకుంటే ట్యాంకులో ఒత్తిడి పోయే దారి ఉండదు. ఈ ఒక్క విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు.

యంత్రాల సంగతి ఇంతటితో సరి. నా అసలు బెంగ సాఫ్ట్‌నర్ గురించి.

ఇక్కడ అమెరికాలో చాలామందిమి బేస్‌మెంటులో సాఫ్ట్‌నర్ పెట్టుకున్నాం. నగరం సరఫరా చేసే నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో ఎప్పటికప్పుడు చూసేవాళ్లున్నారు. కలిపే చోట లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉంచాలని 2015 నుంచి సిఫారసు కూడా ఉంది. కాబట్టి మనకు మిగిలిన సమస్య సున్నం ఒక్కటే. ఆ లెక్క ఊళ్లో బోరుకు కుదరదు. అక్కడ ఫ్లోరైడ్‌ను కలిపేది రాయి. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఆ హద్దు దాటిన బోర్ల వల్ల పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన మనుషులను మనం కళ్లారా చూస్తూ పెరిగాం.

సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియంను వదులుతుంది. ఫ్లోరైడ్ జోలికి పోదు. ఊళ్లో మా ఇంట్లో సాఫ్ట్‌నర్ బిగించిన మనిషి "ఇక ఫ్లోరైడ్ భయం కూడా లేదమ్మా" అని చెప్పి వెళ్లాడు. పప్పు మెత్తగా ఉడుకుతోంది, సబ్బు నురగ వస్తోంది. దాంతో అమ్మకు నమ్మకం కుదిరి అవే నీళ్లు తాగడం మొదలుపెట్టింది. పరీక్ష చేయిస్తే కఠినత్వం దాదాపు పోయింది గానీ ఫ్లోరైడ్ మొదట ఎంతుందో అంతే ఉంది. 400 కఠినత్వాన్ని పూర్తిగా తీసేస్తే లీటరుకు సుమారు 184 మిల్లీగ్రాముల సోడియం కొత్తగా చేరుతుంది. బీపీ ఉన్న పెద్దలకు అదొక భారం.

ఇంకో మాట ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. కాల్షియం ఎక్కువున్న నీటిలో ఫ్లోరైడ్ కొంతమేర దానితో కలిసి విడిపోతుంది. కాల్షియం తక్కువున్న నీటిలో అది ఎక్కువగా కరిగి ఉండగలదు. అంటే గీజరుకు సున్నం పట్టని బోరులోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండొచ్చు. కాచితే సున్నం కొంత దిగుతుంది గానీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని కొలిచే టీడీఎస్ పెన్ను కఠినత్వాన్నీ చూపదు, ఫ్లోరైడ్‌నూ చూపదు.

ఆర్‌వో ఫ్లోరైడ్‌ను చాలావరకు తీస్తుంది. అయితే అందులో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. రుచి కోసమని అది కొంత పచ్చి నీటిని మళ్లీ కలుపుతుంది. ఆ నీటితోపాటు ఫ్లోరైడ్ కూడా వస్తుంది. బోరు నీళ్లకైతే దాన్ని మూయించండి. యూవీ యంత్రం సూక్ష్మజీవులకే గానీ ఫ్లోరైడ్‌కు పనికిరాదు. ఇక 2015లో చౌటుప్పల్ పైలాన్‌తో మొదలైన మిషన్ భగీరథ పుణ్యమా అని ఇంటింటికీ కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది. దాన్ని బోరు నీళ్ల సంపులోకి కలిపేస్తే వచ్చిన మేలంతా పోయినట్టే. తాగడానికి, వంటకు నల్లా నీళ్లు నేరుగా పట్టుకోవాలి. స్నానానికి, బట్టలకు బోరు, సాఫ్ట్‌నర్ సరిపోతాయి.

ఏది కొనాలన్నా ముందు పరీక్ష చేయించండి. బోరు నీళ్లను కాసేపు వదిలేసి శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి, గాజుసీసా వద్దు. జిల్లా కేంద్రంలోని గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో మొత్తం కఠినత్వం, కాల్షియం, ఫ్లోరైడ్, నైట్రేటు విడివిడిగా రాసివ్వమని అడగండి. ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక మరోసారి చూస్తేనే బోరు అసలు గుణం తెలుస్తుంది. ఆర్‌వో నుంచి వచ్చే నీళ్లనూ అలాగే చూపించండి.

నీటి కష్టం మనకు కొత్త కాదు, దాన్ని గెలిచే తెలివీ కొత్త కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దానికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అన్నారు. టాంజానియా, ఇథియోపియాల్లోనూ ఆ పేరుతోనే దాన్ని వాడారు. అంతకు వందల ఏళ్ల ముందే, పాలమూరు, నల్లగొండ ప్రాంతాలను ఏలిన కందూరు చోడులు పానగల్లులో ఉదయసముద్రం తవ్వించారు. చెరువు నిండితే వాన నీరు భూమిలోకి దిగి, బోరు నీటిలోని ఉప్పులను పలచబరుస్తుంది. ఆ పెద్దలు మనకు ఇచ్చిపోయిన ఆస్తి ఇదే.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పిల్లలను పానగల్లు గుళ్లకు తీసుకెళ్లి, ఆ చెరువు కట్ట మీద కూడా నడిపించండి. నీటి పరీక్ష కాగితం ఎలా చదవాలో వాళ్లకు నేర్పండి. మన సంఘం ఊళ్లకు పంపే విరాళాల్లో కొంత బడి పైకప్పు వాననీటి గుంతలకు, చెరువు పూడికతీతకు కేటాయించాలని నా మనవి. గీజరు చెడితే కొత్తది కొనుక్కోవచ్చు. ఫ్లోరైడ్‌తో వంగిన ఎముకను తిరిగి నిలబెట్టలేం. కాబట్టి ఊరికి ఫోన్ చేసినప్పుడు "తాగే నీళ్లు ఏ నల్లావి?" అని తప్పక అడగండి.