మీకు తెలుసా? చింతగింజలే మేకులు!

కొండపల్లి బొమ్మకు కాళ్లూ చేతులూ అతికించేది మేకులతో కాదు, పులుసు పిండాక మనం పారేసే చింతగింజలతో! గింజల పొడిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే తయారయ్యే ముద్దను ‘మక్కు’ అంటారు. విడివిడిగా చెక్కిన భాగాలను కలిపేదీ, అతుకులు కనపడకుండా పూడ్చేదీ, ముక్కూ చీరకుచ్చెళ్లూ తీర్చిదిద్దేదీ ఇదే. చెక్కేది తెల్లపొణికి కర్ర. చేతిలోకి తీసుకుంటే ఇంత తేలికా అనిపిస్తుంది. పచ్చికర్రలో తేమ ఉంటుంది కనుక సన్నటి సెగమీద ఆరబెడతారు. మక్కు ఆరాక నునుపు చేసి, తెల్ల సున్నం పూత వేసి, ఆపైన రంగులు దిద్దుతారు. సంక్రాంతి బొమ్మల కొలువులో అంబారీ ఏనుగును నిలబెట్టేటప్పుడు దాని అతుకుల కోసం ఒకసారి వెతికి చూడండి.