హుస్సేన్ సాగర్ ఒడ్డున పోయిన పాయింట్లు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ వీధుల్లో జరిగిన ఫార్ములా ఈ పందెం, భారతదేశంలో ఆ పోటీకి మొట్టమొదటిదిగానే చాలామందికి గుర్తుండిపోయింది గాని, టాటా మోటార్స్ యాజమాన్యంలోని జాగ్వార్ జట్టు ఆ ఏడాది జట్ల టైటిల్‌ను చేజార్చుకోవడంలో ఆ రోజుకు ఎంత పాత్ర ఉన్నదో గమనించినవారు తక్కువ. ఫార్ములా ఈ అంటే పూర్తిగా విద్యుత్తుతో నడిచే ఒంటిసీటు కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్. ఒక్కో జట్టుకు రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. ఇద్దరూ తెచ్చిన పాయింట్లు కలిపి జట్టు ఖాతాలో పడతాయి గనుక, వారు ఒకరికొకరు తోడూ, పోటీదారులూ కూడా.

నగరానికి వచ్చిపోయేవారికి హుస్సేన్ సాగర్ చెరువు ఒడ్డునున్న సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్ కొత్తవి కావు. ఆ దారులనే కాంక్రీటు దిమ్మెలతో, ఇనుప జాలీలతో బిగించి, 18 మలుపులతో సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్‌గా మార్చారు. జాగ్వార్ డ్రైవరు, న్యూజిలాండ్‌కు చెందిన మిచ్ ఎవాన్స్, క్వాలిఫయింగ్‌లో, అంటే పందెంలో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే పరుగులో, అందరికంటే ముందు నిలిచి పోల్ పొజిషన్‌తో పాటు దానికిచ్చే 3 పాయింట్లూ సంపాదించాడు.

అసలు పందెంలో మాత్రం మూడవ మలుపు కథ మార్చింది. అది హెయిర్‌పిన్, అంటే కారు దాదాపు వచ్చిన దిక్కుకే తిరగవలసిన మలుపు. ఈ కార్లలో వెనుక చక్రాల వేగాన్ని తగ్గించే పని చాలావరకు మోటారుదే: డ్రైవరు బ్రేకు తొక్కగానే మోటారు జనరేటరుగా మారి, కారు వేగాన్ని విద్యుత్తుగా మార్చి బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. పందెంలో ఖర్చయ్యే విద్యుత్తులో దాదాపు 40 శాతం ఇలా తిరిగి వస్తుందని నిర్వాహకుల లెక్క. అందువల్ల బ్రేకు వేయడమంటే ఆగడమే కాదు, కూడబెట్టుకోవడం కూడా. అక్కడ తప్పిన అంచనా రెండు విధాలా నష్టమే. ఆ మలుపు దగ్గర వెనుక నుంచి దూసుకువచ్చిన శామ్ బర్డ్, కారును అదుపు చేయలేక, సొంత జట్టు సహచరుడైన ఎవాన్స్ కారునే ఢీకొట్టాడు. రెండు జాగ్వార్లూ పందెం నుంచి తప్పుకున్నాయి; బర్డ్ తప్పు ఒప్పుకున్నాడు. గెలుపు డీఎస్ పెన్స్కే జట్టు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్‌కు, రెండవ స్థానం ఎన్విజన్ జట్టుకు చెందిన నిక్ కాసిడీకి దక్కాయి.

ఆ తరువాత జాగ్వార్ కుంగిపోలేదు. సావో పాలో, బెర్లిన్, రోమ్, లండన్ నగరాల్లో ఎవాన్స్ నాలుగు పందేలు గెలిచాడు. బెర్లిన్‌లో బర్డ్ రెండవవాడుగా వచ్చాడు. అయితే రోమ్‌లో గెలిచిన మర్నాడే ఎవాన్స్ కాసిడీ కారును గుద్ది తానూ తప్పుకున్నాడు. విడ్డూరమేమంటే, ఎన్విజన్ కార్లలో ఉన్నది కూడా జాగ్వార్ నుంచి కొనుక్కున్న పవర్‌ట్రెయినే, అంటే మోటారూ, దాని శక్తిని చక్రాలకు చేర్చే యంత్రాంగమూను. సావో పాలోలో మొదటి మూడు స్థానాలూ ఆ యంత్రానివే. జూలై 30న లండన్‌లో సీజను ముగిసేసరికి ఎన్విజన్‌కు 304 పాయింట్లు, జాగ్వార్‌కు 292; జట్ల టైటిల్ ఎన్విజన్‌దే. వ్యక్తిగత చాంపియన్‌గా 229 పాయింట్లతో ఆండ్రెట్టి జట్టు డ్రైవరు జేక్ డెనిస్ నిలవగా, ఎవాన్స్ 197తో మూడవ స్థానంతో సరిపెట్టుకున్నాడు.

రెండు జట్ల మధ్య తేడా 12 పాయింట్లు. ఒక పందెంలో మూడవ స్థానానికి వచ్చేవి 15. పదహారు పందేల సీజనులో ఓటమిని ఒక్క మలుపుకు అంటగట్టడం పూర్తి న్యాయం కాకపోవచ్చు గాని, జట్టు తనకు తానే చేసుకున్న నష్టాల్లో హైదరాబాద్‌దే పెద్దది. మరుసటి ఏడాది బర్డ్ వెళ్ళిపోగా, అదే కాసిడీని తెచ్చుకున్న జాగ్వార్, జట్ల టైటిల్‌ను గెలుచుకుంది. హైదరాబాద్‌లో 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన రెండవ పందెం మాత్రం రద్దయింది. హుస్సేన్ సాగర్ దగ్గర జాగ్వార్‌కు మిగిలినవి ఆ 3 పాయింట్లే.