పేజీ కదలకుండా పరవాడ వచ్చింది!

పరవాడ ఏ జిల్లాలో ఉంది? 2022 ఏప్రిల్ 4కు ముందు అడిగితే విశాఖపట్నం జిల్లా అనేవాళ్లం. ఆ రోజున ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. పరవాడ మండలం కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది.

ఇప్పుడు మీరు ఇంటర్నెట్‌లో ఒక దరఖాస్తు నింపుతున్నారనుకుందాం. ‘జిల్లా’ అన్న గడిలో అనకాపల్లిని ఎంచుకోగానే, అంతవరకూ ఖాళీగా ఉన్న ‘మండలం’ గడిలోకి పరవాడ, మునగపాక, సబ్బవరం వగైరా పేర్లు వచ్చి చేరతాయి. పైన మీరు రాసిన పేరు, పుట్టిన తేదీ చెక్కుచెదరవు. పేజీ కదలనైనా కదలదు. మరి ఆ పేర్లు ఎలా వచ్చాయి?

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఒక్క గడి మారాలన్నా సర్వర్ పేజీ మొత్తాన్ని మళ్లీ పంపేది. తెర ఒక్క క్షణం తెల్లబోయేది. ఒక్కోసారి రాసినదంతా పోయేది కూడా. విందులో సాంబారు అడిగితే విస్తరి తీసేసి, కొత్త విస్తరి వేసి, మళ్లీ పప్పు దగ్గర్నుంచి వడ్డించినట్టన్నమాట!

బ్రౌజర్ తన జ్ఞాపకంలో పేజీని ఒక చెట్టులా ఉంచుకుంటుంది. శీర్షిక ఒక కొమ్మ, ప్రతి గడీ ఒక కొమ్మ. పేజీతోపాటే జావాస్క్రిప్ట్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం కూడా వస్తుంది. మీరు జిల్లా ఎంచుకోగానే అది తెర వెనుక నుంచి సర్వర్‌కు ఒక చిన్న కబురు పంపుతుంది: “అనకాపల్లి జిల్లా మండలాల పేర్లు కావాలి.” సర్వర్ ఆ పేర్లు మాత్రమే పంపుతుంది. ప్రోగ్రాం ‘మండలం’ కొమ్మకున్న పాత ఆకులు తీసి కొత్తవి తగిలిస్తుంది. బ్రౌజర్ ఆ మారిన భాగాన్ని తిరిగి గీస్తుంది. జవాబు వచ్చేలోగా మీరు ఇంకో గడి నింపుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ వారు 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో ఈ వీలు కల్పించారు. 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి ‘అజాక్స్’ అని పేరు పెట్టాడు.

ఇందులో ఒక చిక్కు ఉంది. మీరు పొరపాటున విశాఖపట్నం నొక్కి, వెంటనే అనకాపల్లికి మార్చారనుకోండి. రెండు కబుర్లు వెళ్తాయి. ముందు వెళ్లిన దానికే ముందు జవాబు రావాలని ఏమీ లేదు. అనకాపల్లి జాబితా ముందు వచ్చి, విశాఖపట్నం జాబితా తర్వాత వస్తే? పై గడిలో అనకాపల్లి, కింది గడిలో విశాఖ మండలాలు! పరవాడ వెతికినా కనబడదు. తొందరలో ఇంకో మండలం నొక్కితే దరఖాస్తు వేరే ఊరి కార్యాలయానికి పోవచ్చు. పేజీ మొత్తం మళ్లీ వచ్చే రోజుల్లో విసుగైతే ఉండేదిగాని, రెండు గడులూ ఒకే జవాబులో వచ్చేవి కాబట్టి ఈ తేడా రాదు.

అందుకే జాగ్రత్తగల ప్రోగ్రాం ప్రతి కబురుకూ ఒక వరుస సంఖ్య ఇస్తుంది. చివరి సంఖ్యకు తప్ప మరే జవాబుకూ తలుపు తీయదు. జాబితా వచ్చేదాకా మండలం గడికి తాళం వేస్తుంది. దరఖాస్తు చేరాక, ఆ మండలం ఆ జిల్లాలోదేనా అని సర్వర్ మరోసారి సరిచూస్తుంది.

ఈసారి ఇలాంటి దరఖాస్తు కనిపిస్తే, మండలం ఎంచుకున్నాక జిల్లా మార్చి చూడండి. పాత మండలం పేరు వెంటనే చెరిగిపోయిందా, అక్కడే ఉండిపోయిందా?