ప్రహ్లాదుడు ఆడపిల్లేగా!

పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట ఎప్పుడైనా వెళ్ళారా? పాలకొండలో బస్సెక్కితే చాలు, కొండలు ఎదురొచ్చి పలకరిస్తాయి. ఇక సంతరోజున చూడాలి ఆ ఊరు! సవరలు, జాతాపులు కొండ దిగి వస్తారు. అనాసపళ్ళు, పసుపు, చింతపండు, కొండచీపుర్లు... ఏ కెమెరామేనైనా ఫ్లాటయిపోవాల్సిందే!

ఆ సంతలోనే నా పరువు కాస్తా పోయింది. ఎలాగంటారా?

మా ఎనిమిదేళ్ళవాడు రాయి తగిలి పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఏడుపు లంకించుకున్నాడు. నలుగురూ చూస్తున్నారని నాకు నామోషీ. "ఛ, ఆపు! ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా?" అని కసిరాను.

అనాసపళ్ళు అమ్ముతున్న ఓ సవర అవ్వ ఫక్కున నవ్వింది. పక్కనున్న మనవరాలిని చూపించి, "ఏటి బాబూ అలగంటావు? మా గుంట తెల్లారగట్ల గంప నెత్తినెట్టుకుని కొండ దిగొచ్చింది. ఏడిసిందేటి?" అంది.

అంతటితో అయిపోతే బావుండేది. తిరుగు బస్సులో మా అమ్మాయి నిలదీసింది. "నాన్నా, దెబ్బ తగిల్తే ఏడవడం తప్పా? తప్పు కాకపోతే తమ్ముణ్ణెందుకు తిట్టావు? తప్పయితే మధ్యలో ఆడపిల్లలేం చేశారు?"

ఏ కోర్టు సీనులోనూ ఇంత పదునైన డైలాగు నేను వినలేదు. జవాబు లేదు!

తెర మీదయితే మనకీ పట్టింపు ఉండదు, గమనించారా? 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావు లాంటి హిరణ్యకశిపుడికి ఎదురు నిలిచిన ప్రహ్లాదుడెవరు? రోజారమణి. ఆడపిల్ల! నాటకాల్లో సత్యభామగా జనాన్ని ఉర్రూతలూగించిన స్థానం నరసింహారావు మగవాడు. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడ చప్పట్లు కొట్టిన మనమే, ఇంటికొచ్చి పిల్లల నొసట చీటీలు అంటిస్తాం. గట్టిగా మాట్లాడే పిల్ల 'మగరాయుడు'. అమ్మకు గిన్నెలు తోమిపెట్టే కుర్రాడు 'ఆడంగి'. రెండు మాటల్లోనూ చిన్నబోయేది ఆడపుట్టుకే.

మాటే కదా అంటారా? ఆ మాటే పెరిగి పెద్దదై, ఆస్తి పంపకాల దగ్గర కూర్చుంటుంది!

మన వెండితెర రాముడు ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లో చట్టం తెచ్చి అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. దేశమంతటా అలాంటి మార్పు 2005లో గానీ రాలేదు. అయితే సీతంపేట అవ్వ మనవరాలికి అది అందదు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు మరి! అడవి భూమి సంగతి కాస్త నయం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. 2025 జూలైలో ఓ గోండు మహిళ వారసుల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఆడది అన్న కారణంతో గిరిజన మహిళకు వాటా లేదనడం సమానత్వ హక్కుకు విరుద్ధమని తీర్పు చెప్పింది.

గంప మోయడానికి పనికొచ్చిన నెత్తి, పొలం గట్టు దగ్గర తల దించుకోవాలా? చెప్పండి!

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు మీరూ అమ్మానాన్నలవుతారు. కోర్టులు, చట్టాలు వాటి పని అవి చేస్తాయి. వాటికంటే ముందు పిల్లల చెవిన పడేది మన మాటే. ఏడ్చే కొడుకునీ, ఎదురు ప్రశ్నించే కూతుర్నీ ఒకే మర్యాదతో వినండి. అందుకు పైసా ఖర్చు లేదు.

మొన్న మావాడు మళ్ళీ పడ్డాడు. నాలిక చివరిదాకా వచ్చిన పాత డైలాగు మింగేసి, "నొప్పిగా ఉందా నాన్నా?" అన్నాను. రెండు నిమిషాలు ఏడ్చి, లేచి, ఆటకు పరుగెత్తాడు.

గుమ్మంలోంచి మా అమ్మాయి బొటనవేలు చూపించింది.

"ఈసారి షాట్ ఓకే నాన్నా!"