మీకు తెలుసా? రేడియేషన్ పుండ్లకు ముందస్తు మందు

కొన్ని బ్లడ్ క్యాన్సర్లలో మూలకణ మార్పిడికి ముందు ఒళ్లంతా రేడియేషన్, భారీ మోతాదులో కీమోథెరపీ ఇస్తారు. ఆ దెబ్బకు నోరంతా పూసి, గుక్కెడు మంచినీళ్లు మింగడమే గండమవుతుంది.

నోటి పొర కణాలను పెంచే సహజ ప్రొటీన్ కెరటినోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను 1989లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. దాని నమూనాలో బ్యాక్టీరియాతో తయారుచేయించిన మందే పాలిఫెర్మిన్. 2004లో అమెరికా దానికి అనుమతిచ్చింది.

కిటుకంతా వేళలోనే ఉంది. రేడియేషన్, కీమోలకు ముందు మూడు రోజులు, మార్పిడి తర్వాత మూడు రోజులు ఇంజెక్షన్ ఇస్తారు.

212 మందిపై జరిపిన పరీక్షలో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 98 శాతం మందికి తీవ్రమైన పుండ్లు వచ్చాయి. పాలిఫెర్మిన్ తీసుకున్నవారిలో అది 63 శాతమే.